నడుస్తున్న ఈమెయిల్ మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చేటప్పుడు ముందు కాపాడుకోవాల్సింది ఏది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సొంత సర్వర్‌లో పెట్టుకున్న ఈమెయిల్ మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ రెండు పెద్ద వెర్షన్లు వెనకబడింది. లిస్టులో దాదాపు 60,000 మంది ఉన్నారు. "కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది" అనే బటన్ అడ్మిన్ పేజీలో నెలల తరబడి కనిపిస్తోంది. దాన్ని నొక్కేయొచ్చా, నొక్కితే డేటా పోతుందా, ఎంతసేపు ఆపాల్సి వస్తుంది అని అడిగారు.

అప్‌గ్రేడ్ చెయ్యండి, ఇంకా నాన్చకండి. కానీ ఆ బటన్‌ని నడుస్తున్న సర్వర్ మీద మాత్రం నొక్కకండి. పద్ధతిగా చేస్తే ఆగేది గంటో రెండు గంటలో. దానికి సిద్ధం కావడానికి రెండు మూడు రోజులు పెట్టుకోండి. ఇక డేటా సంగతి. మీ భయమంతా సబ్‌స్క్రైబర్ల లిస్టు గురించి. నన్నడిగితే భయపడాల్సింది ఇంకో లిస్టు గురించి: "ఇక నాకు పంపొద్దు" అన్నవాళ్ళ లిస్టు.

సబ్‌స్క్రైబర్లు మాయమైతే ఆ నిమిషంలోనే తెలుస్తుంది, బ్యాకప్ తీసి సరిచేసుకుంటారు. వద్దన్నవాళ్ళ లిస్టు మాయమైతే స్క్రీన్ మీద ఏ లోటూ కనపడదు. పైగా లిస్టు పెరిగినట్టు కూడా కనిపిస్తుంది. తర్వాత ఎప్పుడో మెయిల్ వెళ్ళాక వాళ్ళకి తెలుస్తుంది, వాళ్ళ ద్వారా మనకి తెలుస్తుంది.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక సంస్థకి ఇలాంటి అప్‌గ్రేడే చేశాను. స్క్రిప్టు మధ్యలో ఆగిపోతుంటే విసిగిపోయి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి లిస్టు ఎక్కిస్తే సరిపోతుందనుకున్నాను. పాతదాంట్లోంచి యాక్టివ్‌గా ఉన్నవాళ్ళని ఫైలుగా దించి కొత్తదాంట్లోకి ఎక్కించాను. నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత మార్కెటింగ్ టీమ్‌లో ఒకరు తన దగ్గరున్న పాత ఎక్సెల్ ఫైలు ఇంపోర్ట్ చేశారు. పాత సాఫ్ట్‌వేర్ అయితే అన్‌సబ్‌స్క్రైబ్ అయిన అడ్రసుల్ని గుర్తుపట్టి పక్కన పెట్టేది. కొత్తదానికి వాళ్ళెవరో తెలీదు కదా, అందర్నీ కొత్తవాళ్ళ కింద చేర్చుకుంది. ఆ వారం వెళ్ళిన మెయిల్‌కి ఒకావిడ జవాబు రాశారు: "మా ఆయన పోయాక ఈ అడ్రసు తీసెయ్యమని మీకు రెండుసార్లు చెప్పాను. తీసేశామన్నారు. మళ్ళీ ఎందుకు పంపుతున్నారు?"

క్షమించమని అడుగుతూ నేనే జవాబు రాశాను. అది రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. అప్పట్నుంచి ఏ అప్‌గ్రేడ్‌కి కూర్చున్నా ముందు తీసేది ఆ లిస్టే.

కాబట్టి మీరూ మొదట నాలుగు ఫైళ్ళు దించండి: అన్‌సబ్‌స్క్రైబ్ అయినవాళ్ళు, స్పామ్ అని ఫిర్యాదు చేసినవాళ్ళు, అడ్రసే లేదని హార్డ్ బౌన్స్ అయినవాళ్ళు, చేరి కూడా కన్ఫర్మ్ చెయ్యనివాళ్ళు. అడ్రసుతో పాటు తేదీ, ఏ లిస్టు నుంచి తప్పుకున్నారు అన్నది కూడా రావాలి. ఒక్కో ఫైల్లో ఎంతమంది ఉన్నారో రాసి పెట్టుకోండి. అప్‌గ్రేడ్ అయ్యాక ఆ నాలుగు అంకెలూ కొత్తదాంట్లో అలాగే కనపడాలి. ఒక్కటి తగ్గినా ముందుకి పోకండి. చాలా సాఫ్ట్‌వేర్లలో "ఈ లిస్టు నుంచి తప్పుకున్నారు", "ఎక్కణ్ణుంచీ పంపొద్దన్నారు" అని రెండు రకాలుంటాయి. వెర్షన్ మారినప్పుడు ఈ రెండూ కలిసిపోయే ప్రమాదం ఉంది. కొందరి పేర్లు తీసుకుని ఒక్కొక్కటిగా చూడండి.

తర్వాత విడుదల నోట్స్ చదవాలి. చివరి వెర్షన్‌వి ఒక్కటే చాలవు, మీ వెర్షన్ నుంచి అక్కడిదాకా ఉన్నవన్నీ చదవండి. రెండు పెద్ద వెర్షన్లు దాటాలంటే కొన్ని సాఫ్ట్‌వేర్లలో మధ్య వెర్షన్‌లో ఆగి, అక్కడి మార్పులు పూర్తయ్యాకే పైకి వెళ్ళాలి. చదివేటప్పుడు కొత్త సదుపాయాల కన్నా "తొలగించినవి", "మారినవి" అనే భాగాల మీద కన్నుంచండి. ఉదాహరణకి మాటిక్ అనే ఈమెయిల్ మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ 5వ వెర్షన్ తీసుకోండి, 2024 జనవరిలో వచ్చింది. మెయిల్ పంపే లోపలి భాగం అందులో స్విఫ్ట్ మెయిలర్ నుంచి సింఫనీ మెయిలర్‌కి మారింది. క్యూలో (పంపాల్సినవాటి వరసలో) ఉన్నవాటిని పంపడానికి క్రాన్‌లో (నిర్ణీత సమయానికి పనుల్ని దానంతటదే నడిపే సర్వర్ ఏర్పాటు) పెట్టుకునే పాత కమాండ్ పోయి, మెసెంజర్ అనే కొత్త ఏర్పాటు వచ్చింది. క్యూ వాడేవాళ్ళు క్రాన్‌లో పాత లైనే ఉంచేస్తే అడ్మిన్ పేజీ చక్కగా తెరుచుకుంటుంది, క్యాంపెయిన్ తయారవుతుంది, మెయిల్ మాత్రం కదలదు. లిస్ట్‌మాంక్ లాంటి మరికొన్ని సాఫ్ట్‌వేర్లలో పని తేలిక: బ్యాకప్ తీసి, కొత్త ఫైలు పెట్టి, కమాండ్ లైన్‌లో అప్‌గ్రేడ్ ఆప్షన్ ఇస్తే డేటాబేస్ మార్పులు అదే చేసుకుంటుంది. మీది ఏ రకమో నోట్స్‌లోనే తెలిసిపోతుంది.

రెండు వెర్షన్లు వెనకబడ్డారంటే కింద ఉన్నవి, అంటే సాఫ్ట్‌వేర్ రాసిన పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ లాంటివి కూడా పాతబడే ఉంటాయి. పీహెచ్‌పీ 7.4కి భద్రతా సవరణలు 2022 నవంబర్‌తో ఆగిపోయాయి, మైఎస్‌క్యూఎల్ 5.7కి మద్దతు 2023 అక్టోబర్‌తో అయిపోయింది. వేల మంది అడ్రసులున్న సాఫ్ట్‌వేర్‌ని వాటి మీద నడపడం మంచిది కాదు, నాన్చొద్దన్నది అందుకే. కాబట్టి ఉన్న సర్వర్‌లోనే ఒక్కొక్కటి పైకి లాగడం కన్నా పక్కన కొత్త సర్వర్ పెట్టుకుని, అక్కడ అంతా సిద్ధం చేసి మారడం మేలు. పాతది ముట్టుకోకుండా ఉంటుంది, అదే పెద్ద ధైర్యం. మారే ముందురోజే డీఎన్ఎస్‌లో (సైట్ పేరుని సర్వర్‌కి కలిపే పట్టిక) టీటీఎల్ (పాత సర్వర్ చిరునామాని ఇతరులు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) తగ్గించి పెట్టుకోండి. మీ సర్వరే నేరుగా మెయిల్ పంపుతుంటే ఇంకో చిక్కు ఉంది. కొత్త ఐపీకి (సర్వర్ నెట్‌వర్క్ నంబరు) పేరు ప్రతిష్ఠలు ఉండవు, మొదటి రోజే 60,000 మెయిళ్ళు దాన్నుంచి వెళ్తే పెద్ద మెయిల్ సంస్థలు అనుమానిస్తాయి. అప్పుడు సాఫ్ట్‌వేర్‌ని మాత్రం కొత్తదానికి మార్చి, పంపే పని పాత ఐపీ నుంచే కొన్నాళ్ళు సాగనివ్వండి. అమెజాన్ ఎస్ఈఎస్ లాంటి మెయిల్ పంపే సర్వీసు ద్వారా పంపేవాళ్ళకి ఈ బెడద లేదు.

బ్యాకప్ అనగానే అందరూ డేటాబేస్ ఒక్కటే తీస్తారు. అది తియ్యాల్సిందే. టేబుళ్ళు ఇన్నోడీబీ రకానివి అయితే మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే బ్యాకప్ కమాండ్‌కి సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ ఇవ్వండి, సైట్ ఆపకుండానే ఒకే క్షణానికి సంబంధించిన కాపీ వస్తుంది. దాంతో పాటు మరో రెండు కావాలి. ఒకటి, కాన్ఫిగరేషన్ ఫైల్లో ఉండే రహస్య కీ. అన్‌సబ్‌స్క్రైబ్ లింకుల్లోని పొడవాటి కోడ్‌ని చాలా సాఫ్ట్‌వేర్లు దానితోనే తయారుచేస్తాయి. కీ మారిందా, ఇదివరకు పంపిన మెయిళ్ళలోని లింకులన్నీ చెల్లకుండా పోతాయి. రెండోది, అప్‌లోడ్ చేసిన బొమ్మల ఫోల్డర్. పాత మెయిల్‌ని ఎవరైనా ఇప్పుడు తెరిస్తే అందులోని బొమ్మ మీ సర్వర్ నుంచే రావాలి, అదే దారిలో ఉండాలి. బ్యాకప్‌ని వేరే మెషీన్ మీద నిజంగా రీస్టోర్ చేసి, లాగిన్ అయి, పైన రాసుకున్న నాలుగు అంకెలూ చూసేవరకు అది బ్యాకప్ కింద లెక్కపెట్టకండి.

ఆ రీస్టోర్ చేసిన కాపీయే మీ టెస్ట్ సర్వర్. ఇక్కడ జాగ్రత్త ఎంతైనా ఎక్కువ కాదు, ఎందుకంటే ఆ కాపీకి తాను కాపీనని తెలీదు. అందులో అసలు అడ్రసులున్నాయి, అసలు పాస్‌వర్డులున్నాయి, రేపు పొద్దున 10 గంటలకి వెళ్ళాల్సిన క్యాంపెయిన్ కూడా ఉంది. నేను చూసిన ఒక చోట సర్వర్ ఇమేజ్ మొత్తం కాపీ చేశారు, క్రాన్ కూడా దాంతో వచ్చింది. 10 గంటలకి అసలు సర్వర్ పంపింది, టెస్ట్ సర్వర్ కూడా పంపింది. ప్రతి ఒక్కరికీ అదే మెయిల్ రెండుసార్లు చేరింది. టెస్ట్ సర్వర్ పంపిన మెయిల్లోని లింకుతో అన్‌సబ్‌స్క్రైబ్ చేసినవాళ్ళు టెస్ట్ డేటాబేస్‌లో మాత్రమే నమోదయ్యారు. వాళ్ళని ఏరి అసలుదాంట్లోకి తెచ్చేసరికి రెండు రోజులు పట్టింది.

అందుకే కాపీని ఆన్ చేసే ముందే క్రాన్ తీసెయ్యండి. బయటికి వెళ్ళే 25, 465, 587 పోర్టులు ఫైర్‌వాల్‌లో మూసెయ్యండి. అక్కడితో ఆగకండి. ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో నేరుగా మాట్లాడే దారి) ద్వారా పంపే సర్వీసులు మామూలు వెబ్ పోర్టు 443లోంచి వెళ్తాయి, పై పోర్టులు మూసినా అవి ఆగవు. ఏపీఐ కీ చెరిపెయ్యండి. బౌన్స్ మెయిల్‌బాక్స్ (చేరక వెనక్కి వచ్చిన మెయిళ్ళు పడేది) పాస్‌వర్డ్ కూడా తీసెయ్యండి. దీన్ని చాలామంది మర్చిపోతారు: టెస్ట్ కాపీ ఆ మెయిల్‌బాక్స్‌లోకి వెళ్ళి బౌన్సులన్నీ చదివి డిలీట్ చేసేస్తే, అసలు సర్వర్‌కి చెడ్డ అడ్రసుల సంగతి ఎప్పటికీ తెలీదు. చివరగా కాపీలోని అడ్రసులన్నిటినీ ఒక్క ఎస్‌క్యూఎల్ కమాండ్‌తో (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశం) ఎగ్జాంపుల్ డాట్ కామ్ అడ్రసులుగా మార్చెయ్యండి. ఉదాహరణల కోసమే కేటాయించిన డొమైన్ అది, పొరపాటున మెయిల్ వెళ్ళినా ఏ మనిషికీ చేరదు. టెస్ట్ మెయిళ్ళు పట్టుకునే మెయిల్‌పిట్ లాంటి సాధనం ఒకటి పెట్టుకుంటే, పంపినవన్నీ దాంట్లో పడతాయి, రూపురేఖలు అక్కడే చూసుకోవచ్చు.

ఇప్పుడు ఆ కాపీ మీద అప్‌గ్రేడ్ నడపండి. బ్రౌజర్‌లో కాదు, కమాండ్ లైన్‌లో, అది కూడా కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని స్క్రీన్ లేదా టీమక్స్ అనే ప్రోగ్రాముల లోపల. బటన్ వద్దన్నది దీనికే. ఎవరు ఏది తెరిచారు, ఏది క్లిక్ చేశారు అని రాసుకునే టేబుళ్ళు ఏళ్ళు గడిచేకొద్దీ కోట్ల వరసలకి పెరుగుతాయి. వాటికి ఒక్క కాలమ్ చేర్చాలన్నా కొన్నిసార్లు డేటాబేస్ టేబుల్ మొత్తాన్ని కొత్తగా రాయాల్సి వస్తుంది. దానికి సమయం పడుతుంది, టేబుల్ అంత ఖాళీ జాగా డిస్క్‌లో అదనంగా కావాలి. బ్రౌజర్‌కి అంత ఓపిక ఉండదు, టైమౌట్ అయిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ నిర్మాణం మార్చే కమాండ్లకి వెనక్కి తిప్పుకునే వీలు లేదు. మధ్యలో ఆగితే సగం టేబుళ్ళు కొత్త రూపంలో, సగం పాత రూపంలో మిగిలిపోతాయి. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో అయితే ఇలాంటి మార్పుల్లో చాలావాటిని ఒకే ట్రాన్సాక్షన్‌లో చేసుకోవచ్చు, తప్పితే మొత్తం వెనక్కి పోతుంది. పాత క్లిక్ వివరాలు మీకు అక్కర్లేకపోతే ఒక సంవత్సరానికి మించినవి ముందే విడిగా దాచి టేబుల్లోంచి తీసెయ్యండి, గంటల పని నిమిషాల్లోకి వస్తుంది.

అక్షరాల సంగతి కూడా ఇక్కడే తేలాలి. మైఎస్‌క్యూఎల్‌లో "యూటీఎఫ్8" అని పిలుస్తూ వచ్చిన అక్షరాల నిల్వ పద్ధతి నిజానికి ఒక్కో అక్షరానికి 3 బైట్లే ఇచ్చేది. తెలుగు అక్షరాలు 3 బైట్లలో ఇమిడిపోతాయి కాబట్టి ఇన్నాళ్ళూ ఇబ్బంది తెలియలేదు. ఎమోజీకి 4 బైట్లు కావాలి. కొత్త వెర్షన్లు సాధారణంగా "యూటీఎఫ్8ఎంబీ4"కి మారుస్తాయి. మార్చేటప్పుడు పాత టేబుళ్ళలో ఒక ఎర్రర్ తరచుగా వస్తుంది: ఇండెక్స్ (వేగంగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే సూచిక) పొడవు 767 బైట్లు దాటిందని. కాలమ్‌లో మామూలుగా ఉండే 255 అక్షరాలని 3తో గుణిస్తే 765, సరిపోతుంది. 4తో గుణిస్తే 1020, పట్టదు. ఆ టేబుల్ రో ఫార్మాట్‌ని (వరసల్ని దాచే పద్ధతిని) డైనమిక్‌కి మారిస్తే పరిమితి 3072 బైట్లకి పెరుగుతుంది. ఇంకొకటి, మీ సబ్జెక్ట్ లైన్లు తెలుగులో ఉంటే పాతవి పది తెరిచి చూడండి. ఒకప్పుడు కనెక్షన్ లాటిన్1 అనే పాత అక్షర పద్ధతిలో ఉండి అక్షరాలు వంకరగా నిల్వైతే, పాత వెర్షన్ అదే వంకరలో చదివి సరిగ్గా చూపిస్తూ వచ్చి ఉంటుంది. కొత్తది నిక్కచ్చిగా చదివేసరికి అర్థంలేని గుర్తులు బయటపడతాయి. దీన్ని టెస్ట్ కాపీలోనే పట్టుకోవాలి.

ప్లగిన్లు, టెంప్లేట్ల గురించి పెద్దగా చెప్పను. ప్లగిన్లన్నీ ఆపి అప్‌గ్రేడ్ చేసి, ఒక్కొక్కటి తిరిగి ఆన్ చెయ్యండి. కొత్త ఎడిటర్‌లో పాత టెంప్లేటు తెరిచి సేవ్ చేసే ముందు కాపీ ఉంచుకోండి. సేవ్ చేశాక హెచ్‌టీఎమ్‌ఎల్ బరువు కూడా చూడండి, 102 కేబీ దాటితే జీమెయిల్ కింది భాగం కత్తిరించి చూపిస్తుంది. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఉండేది ఆ కింది భాగంలోనే.

అసలు రోజు. ముందురోజు నుంచే కొత్త క్యాంపెయిన్లు షెడ్యూల్ చెయ్యొద్దని అందరికీ చెప్పండి. క్యూ ఖాళీ అయ్యేదాకా ఆగండి. సగం పంపిన క్యాంపెయిన్‌ని మధ్యలో పెట్టుకుని వెర్షన్ మార్చకండి, ఎవరికి వెళ్ళింది ఎవరికి వెళ్ళలేదు అన్న గుర్తు తప్పితే మళ్ళీ మొదటి నుంచి పంపేస్తుంది. ఆటోమేషన్లన్నీ ఆపెయ్యండి. తర్వాత వాటిని ఒక్కొక్కటిగానే ఆన్ చెయ్యాలి. నియమాలు కొత్తగా లెక్కకట్టేటప్పుడు మూడేళ్ళ కింద చేరినవాళ్ళకి "స్వాగతం" మెయిల్ వెళ్ళే ప్రమాదం ఉంది. ఆ తర్వాత క్రాన్ ఆపి, చివరి బ్యాకప్ తీసి, పని మొదలుపెట్టండి.

ఆ గంటా రెండు గంటలూ సైట్ మీద "మరమ్మతులు జరుగుతున్నాయి" అన్న పేజీ ఒకటి పెట్టేసి ఊరుకోవద్దు. ఆ సమయంలోనే ఎవరో నిన్నటి మెయిల్ తెరిచి తప్పుకుందామనుకుంటారు. వాళ్ళకి ఆ పేజీ కనిపిస్తే మళ్ళీ ఇంకోసారి రారు, స్పామ్ బటన్ నొక్కుతారు. నేను అన్‌సబ్‌స్క్రైబ్ దారిని మాత్రం ఒక చిన్న స్క్రిప్టుకి మళ్ళిస్తాను. లింకు తెరిస్తే అది ఒక బటన్ చూపిస్తుంది, నొక్కితే ఆ లింకులోని కోడ్‌ని సమయంతో సహా ఫైల్లో రాసుకుని "మీ కోరిక నమోదైంది" అంటుంది. చదివేవాళ్ళు జీమెయిల్ లాంటివాటి సొంత అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ నొక్కినప్పుడు మెయిల్ ప్రొవైడర్ పంపే వన్-క్లిక్ పోస్ట్ అభ్యర్థన అయితే బటన్ అడక్కుండానే రాసుకుంటుంది. బటన్ ఎందుకంటే, ఆఫీసుల్లోని సెక్యూరిటీ స్కానర్లు మెయిల్లోని లింకులన్నిటినీ తామే ఒకసారి తెరిచి చూస్తాయి, తెరిచినంత మాత్రాన తప్పుకున్నట్టు కాదు. అప్‌గ్రేడ్ పూర్తవగానే ఆ ఫైల్లోని కోడ్‌లన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లో నడిపించాలి, మొదటి మెయిల్ వెళ్ళకముందే.

పూర్తయ్యాక మొదటి పరీక్షకి కొత్త మెయిల్ కాదు, పాత మెయిల్ కావాలి. మీ సొంత ఇన్‌బాక్స్‌లో ఆరు నెలల కిందటిది, వీలైతే రెండేళ్ళ కిందటిది వెతకండి. అందులోని అన్‌సబ్‌స్క్రైబ్ లింకు నొక్కండి. తర్వాత మామూలు లింకొకటి, "బ్రౌజర్‌లో చూడండి" లింకొకటి. మూడూ పనిచెయ్యాలి. లింకుల రూపం మారిపోయి ఉంటే వెబ్ సర్వర్‌లో పాత దారి నుంచి కొత్తదానికి మళ్ళింపు పెట్టండి, దాన్ని ఎప్పటికీ తియ్యకండి.

తర్వాత కొత్త వెర్షన్ నుంచి మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని, జీమెయిల్‌లో "ఒరిజినల్ చూపించు" నొక్కి మూలం చదవండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలు) మూడిటి పక్కనా పాస్ అని ఉండాలి. కిందికి వెళ్తే లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్ అనే హెడర్, దాని తోడు లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్-పోస్ట్ అనేది రెండూ కనపడాలి. డీకిమ్ సంతకంలో "హెచ్" గుర్తు తర్వాత, సంతకం పరిధిలోకి వచ్చే హెడర్ల పేర్లు వరసగా ఉంటాయి, ఈ రెండూ ఆ వరసలో ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి. లేకపోతే వన్-క్లిక్ చెల్లదు. రోజుకి 5,000కి మించి జీమెయిల్ అడ్రసులకి పంపేవాళ్ళకి గూగుల్ 2024లో ఇవన్నీ తప్పనిసరి చేసింది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపు ఉంచుకోమని సలహా. తప్పుకుంటామన్నవాళ్ళని రెండు రోజుల్లో తియ్యాలి. మీ పాత వెర్షన్‌లో వన్-క్లిక్ లేకపోతే, అప్‌గ్రేడ్‌కి ఈ ఒక్క కారణమే చాలు.

మొదటి క్యాంపెయిన్ మొత్తం లిస్టుకి పంపకండి. ఇటీవల క్లిక్ చేసినవాళ్ళలోంచి ఒక వెయ్యిమందికి పంపి, ఒక రోజు లాగులు చూడండి. కొన్ని కొత్త వెర్షన్లు ఒకేసారి ఎక్కువ కనెక్షన్లు తెరిచి వేగంగా పంపుతాయి. ఆ వేగానికి అవతలి సర్వర్లు 421, 451 లాంటి జవాబులిస్తాయి. 4తో మొదలైతే "కాసేపాగి రా" అని అర్థం, 5తో మొదలైతే "ఇక రావద్దు" అని. కొత్త సెట్టింగుల్లో ఎన్ని సాఫ్ట్ బౌన్సులకి (తాత్కాలికంగా వెనక్కి వచ్చినవి) అడ్రసు తీసెయ్యాలి అన్న అంకె తక్కువగా ఉంటే, మీ తొందర వల్ల మంచి అడ్రసులు కూడా పోతాయి. వేగం తగ్గించి పెట్టుకుని వారం వారం పెంచండి.

ఓపెన్ రేటు (మెయిల్ తెరిచినవాళ్ళ శాతం) హఠాత్తుగా మారితే కంగారు పడొద్దు. 2021 సెప్టెంబర్‌లో ఐఓఎస్ 15తో ఆపిల్ మెయిల్‌లో ప్రైవసీ ప్రొటెక్షన్ వచ్చాక, మనిషి తెరవకపోయినా బొమ్మలు ముందే లోడ్ అయి "తెరిచారు" అని పడుతోంది. కొత్త వెర్షన్ ఇలాంటివాటిని వడకడితే అంకె పడిపోతుంది, చదివేవాళ్ళు తగ్గారని కాదు. "గత 90 రోజుల్లో తెరిచినవాళ్ళు" లాంటి సెగ్మెంట్లు మీకుంటే మాత్రం వాటిని క్లిక్‌ల మీదికి మార్చుకోండి.

వెనక్కి వెళ్ళే దారి గురించి ముందే నిర్ణయించుకోండి. మొదటి క్యాంపెయిన్ వెళ్ళేదాకా పాత సర్వర్‌కి తిరిగి వెళ్ళొచ్చు. వెళ్ళిన తర్వాత పాత బ్యాకప్ ఎక్కిస్తే, ఈ మధ్యలో తప్పుకున్నవాళ్ళందరూ మళ్ళీ లిస్టులోకి వచ్చేస్తారు. అప్పుడు కూడా వెనక్కి వెళ్ళక తప్పకపోతే, ముందు కొత్తదాంట్లోంచి ఆ నాలుగు ఫైళ్ళూ మళ్ళీ దించి, పాతదాంట్లో ఎక్కించాకే క్రాన్ ఆన్ చెయ్యండి. పాత సర్వర్‌ని ఆపి ఒక నెల ఉంచండి, క్రాన్ మాత్రం తీసేసి, ఎవరైనా పొరపాటున ఆన్ చేసినా పంపకుండా. నెల తర్వాత డిస్క్‌తో సహా చెరిపెయ్యండి, అందులో ఉన్నవి వేరేవాళ్ళ అడ్రసులు.

మీ సాఫ్ట్‌వేర్ పేరు, ఇప్పటి వెర్షన్, పీహెచ్‌పీ వెర్షన్, అన్నిటికన్నా పెద్ద టేబుల్ ఎన్ని జీబీ, మెయిళ్ళు నేరుగా పంపుతున్నారా సర్వీసు ద్వారానా, ఈ వివరాలు రాస్తే మధ్యలో ఏ వెర్షన్ దగ్గర ఆగాలో, ఎంత సమయం పెట్టుకోవాలో చూసి చెప్తాను. ఈలోగా ఆ నాలుగు ఫైళ్ళూ ఈరోజే దించి పెట్టుకోండి.